అప్‌డేట్: చేతుల మీద కమిలిన మచ్చలున్న పెద్దావిడ విషయం

నేను సోషల్ వర్కర్‌ని. ఒక పెద్దావిడ ముంజేతుల మీద నల్లటి మచ్చలున్నాయనీ, ఏమడిగినా కొడుకే జవాబు చెబుతున్నాడనీ, కొడుతున్నాడేమోననీ ఆ మధ్య రాశాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"ఆవిడతో విడిగా మాట్లాడండి" అన్నదే పనిచేసింది. డాక్టరుగారు కొడుకుని బయట కూర్చోమన్నారు. తలుపు మూసుకోగానే ఆవిడ చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన బ్యాంకు స్లిప్పు తీసి నా చేతిలో పెట్టారు. వేళ్లు వణుకుతున్నాయి. 8 నెలలుగా పెన్షనంతా కొడుకే తీసేసుకుంటున్నాడు!

మచ్చలు దెబ్బలవి కావు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందు, వయసుతో పలచబడిన చర్మం వాటికి కారణమని డాక్టరు తేల్చారు. నేను వాటి చుట్టూనే తిరుగుతూ డబ్బు సంగతి అడగనే లేదు, ఆ బాధ ఇంకా ఉంది.

ఆవిడ కోరినట్టే పాత బ్యాంకు కార్డు రద్దు చేయించాం. ఇంట్లోనే ఉంటానన్నారు, అది ఆవిడ నిర్ణయం. వారంవారం వెళ్లి విడిగా మాట్లాడి వస్తున్నాను.