తొమ్మిది మందిమి, తలా ఒక కోరిక: మేలో ఎటు పోవాలి?

ఎడమకాలువ_రైతు
2025 మార్చి 18

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి వరి వేశాం. ఐదేళ్లుగా అనుకుంటున్న టూరు, ఈసారి ఎట్లయినా పోవాలి. మొత్తం తొమ్మిది మందిమి. బాపుకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేడు. అమ్మకు ఎక్కడికి పోయినా ఒక గుడి ఉండాలి. అక్క, బావ చల్లటి జాగ కావాలంటున్నారు. వాళ్ల కొడుకుకు ఈ నెలలోనే పదో తరగతి పరీక్షలు. నా పిల్లలకు తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు, వాళ్లకు నీళ్లు కనపడితే చాలు. మా ఇంటామె మాత్రం ఒకటే మాట అన్నది: "ఎక్కడికైనా సరే, ఆ నాలుగు రోజులు నేను పొయ్యి ముట్టించను."

ఊటీ, అరకు, శ్రీశైలం అనుకుంటున్నాం. బడ్జెట్ 70 వేలు. ట్రైన్ అయితే ఒక టికెట్ మీద ఆరుగురం, ఇంకోదాని మీద మిగిలినవాళ్లం. ఏ తేదీలు మంచివి? రూములు ఇప్పుడే బుక్ చేయాలా?

నల్లమల_అంచు

ఊటీ దాకా ఎందుకన్నా, శ్రీశైలం పెట్టుకోండి. దేవరకొండ, డిండి, అచ్చంపేట మీదుగా మన్ననూరు. ఒక్కటి మాత్రం మరవొద్దు: రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేటు వేసేస్తారు. మా తమ్ముడు వాళ్లు తొమ్మిది దాటి ఇరవై నిమిషాలకు చేరారు. పాలు తాగే పిల్లతో తెల్లవార్లూ కారులోనే కూర్చున్నారు. ఎవరిని బతిమాలినా లాభం లేకపోయింది, పులుల అడవి కదా. పాతాళగంగకు రోప్‌వే ఉంది, మీ బాపు మెట్లు దిగే పని లేదు. మల్లెలతీర్థం మాత్రం పెట్టుకోకండి, మెట్లు చాలా ఉన్నాయి, మేలో నీళ్లు కూడా సన్నగానే పడతాయి.

పాలమూరు_పెద్దకోడలు

తమ్ముడూ, ఊరు ఏదైనా మీ ఇంటామె చెప్పిన మాటే ముందు చూసుకో. 2019లో మేము 14 మందిమి టెంపో ట్రావెలర్ మాట్లాడుకొని శ్రీశైలం పోయాం. సిలిండర్, స్టవ్, 20 కిలోల బియ్యం, పప్పులు, గిన్నెలు అన్నీ బండి వెనక వేసుకున్నారు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, రాత్రికి రొట్టెలు. అందరూ సాక్షి గణపతి దగ్గరికి పోతే నేనూ మా తోడికోడలూ సత్రం వెనక బోళ్లు తోముతున్నాం. మూడు రోజుల్లో నేను దర్శనం చేసుకున్నది ఒక్కసారి, అదీ ఉరుకులాటలో. ఇంటికొచ్చాక అందరూ ఫొటోలు చూస్తుంటే నేను ఒక్కదాంట్లో కూడా లేను. ఆ రోజు ఏడ్చాను.

దేవరకొండ_పెద్దాయన

ఈ కాలంలో వంట అంటేనే శిక్ష అయిపోయింది. మేము 1998లో 12 మందిమి కాశీ పోయాం. కిరోసిన్ స్టవ్, మామిడికాయ తొక్కు, సద్ది కట్టిన జొన్నరొట్టెలు. పదకొండు రోజుల్లో ఒక్కరికి కడుపు చెడలేదు. హోటల్లో తొమ్మిది మంది మూడు పూటలా తింటే రోజుకు ఐదు వేలు యాడికీ చాలవు. 70 వేలలో ఇరవై వేలు తిండికే పోతే ఇంకేం చూస్తారు? పెద్దవాళ్లకు బయటి నూనె పడదు, అది కూడా ఆలోచించాలి.

పాలమూరు_పెద్దకోడలు

ఆ పదకొండు రోజులు వంట ఎవరు చేశారు పెద్దాయనా?

దేవరకొండ_పెద్దాయన

ఆడవాళ్లంతా కలిసి, నవ్వుకుంటూ చేశారు. మా ఇంట్లో ఎవరూ నోరెత్తి కష్టమనలేదు.

గద్వాల_టీచర్

మా అమ్మ కూడా ఎన్నడూ నోరెత్తలేదు సార్. పోయిన ఏడాది ఆమెను తీసుకొని మైసూరు పోయినప్పుడు హోటల్లో కూర్చోబెట్టి ఇడ్లీ తెప్పిస్తే, "నా ముందర ఎవరన్నా ప్లేటు పెడితే ఎట్లుంటదో ఇప్పుడు తెలిసింది" అన్నది. ఆమెకు 63 ఏళ్లు.

ఇక స్టవ్ సంగతి. రైల్లో సిలిండర్ గానీ కిరోసిన్ గానీ తీసుకుపోవడం నేరం. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, రెండూ కూడా పడొచ్చు. 2023 ఆగస్టులో మదురై స్టేషన్ దగ్గర యాత్రికుల బోగీ కాలిపోయింది. లోపల దొంగచాటుగా పెట్టుకున్న సిలిండర్ వల్లే అది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లూ ఇంటి వంట తిందామనే తీసుకుపోయారు. దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి.

దేవరకొండ_పెద్దాయన

నేను అప్పటి మాట చెప్పాను, ఇప్పుడు రైల్లో పెట్టుకోమనలేదు. చెప్పని మాట నా నోట్లో పెడుతున్నారు. సొంత బండిలో పోయేవాళ్లకు ఏం అడ్డం?

పాలమూరు_పెద్దకోడలు

అడ్డం బండి కాదు. బండిలో కూడా వండేది మేమే.

టూర్లు_ఇరవైఏళ్లు

వంట గొడవ ఆపండి. ఆయన అడిగిన టికెట్ల సంగతి ఒక్కరూ చెప్పలేదు. నేను నల్గొండ నుంచి ఇరవై ఏళ్లుగా యాత్రలు నడుపుతున్నా, వెయ్యి కుటుంబాలను పంపి ఉంటా, కాబట్టి వినండి. ఆరుగురిని ఒకే టికెట్ మీద వేస్తే మీ బాపుకు కింది బెర్తు గ్యారంటీ లేదు. లోయర్ బెర్త్ కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు, అదీ ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉన్న టికెట్ మీదే. బాపుకూ అమ్మకూ విడిగా ఆ కోటాలో తీయండి. నాలుగేళ్ల పాపకు టికెట్ అక్కరలేదు. తొమ్మిదేళ్ల వాడికి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ, వద్దంటే సగం. పోయిన నవంబర్ నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే.

ఊటీకి శబరి ఎక్స్‌ప్రెస్. మీ మిర్యాలగూడలో ఎక్కితే మరునాడు పొద్దున కోయంబత్తూరులో దిగుతారు.

నకిరేకల్_కోడలు

వేరే టికెట్ తీయమనడం తేలిక. మేము అట్లాగే తీస్తే మా అత్తమ్మ, మామయ్య ఎస్3లో, మేము ఎస్9లో పడ్డాం. మామయ్యకు షుగర్. రాత్రంతా ఆరు బోగీలు దాటుకుంటూ మందులు, నీళ్లు అందించాను. మధ్యలో ట్రైన్ ఆగితే ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నా.

టూర్లు_ఇరవైఏళ్లు

అమ్మా, మీరు వాళ్ల టికెట్ ఒక రోజు, మీ టికెట్ ఇంకో రోజు తీసి ఉంటారు. రెండూ మొదటి రోజే, పొద్దున 8కి బుకింగ్ తెరవగానే ఒకదాని వెంట ఒకటి తీయాలి.

నకిరేకల్_కోడలు

పది నిమిషాల తేడాతో తీశాను. చూడకుండా ఎట్లా చెప్తారు? వెయ్యి మందిని పంపినవారు కావచ్చు, ఆ రాత్రి రైల్లో ఉన్నది నేను.

టూర్లు_ఇరవైఏళ్లు

సరే, పది నిమిషాలంటే ఎండాకాలంలో ఎక్కువే. దగ్గరి బోగీ పడుతుందని రాసివ్వలేను, నిజమే. అయినా మోకాళ్లు లేవని మనిషిని పై బెర్తు ఎక్కించడం కంటే ఇదే నయం. రైతన్నా, బాపు వాళ్ల దగ్గర మీ మేనల్లుణ్ని పడుకోబెట్టండి, టీటీఈని అడిగి బెర్తు మార్చుకోవచ్చు.

బత్తాయితోట_నిడమనూరు

అన్నా, నీ పొలం సంగతేంది? ఎడమ కాలువ కింద యాసంగి వరి అంటున్నావు, కోతలు ఏప్రిల్‌లో. కొనుగోలు సెంటర్ దగ్గర వడ్లు కాంటా (తూకం) అయ్యేదాకా కుప్ప వదిలి పోగలవా? పోయినసారి నేను అరకు టికెట్లు తీసుకున్నా. కాంటా పన్నెండు రోజులు లేటయింది. పైన వాన. టార్పాలిన్ కప్పుకుంటూ కుప్ప మీదే పడుకున్నా, పిల్లలు సంచులు సర్దుకొని ఇంట్లో కూర్చున్నారు. బర్రెలుంటే పాలు ఎవరు పిండుతారో అది కూడా ఇప్పుడే మాట్లాడుకో. మా బర్రె మా అమ్మ చేతికి తప్ప ఎవరికీ చేపదు.

ఎడమకాలువ_రైతు

నిజమే అన్నా, నా భయం అదే. టికెట్ రెండు నెలల ముందు తీయాలి, కాంటా ఏ రోజో ఎవరికీ తెలియదు.

నకిరేకల్_కోడలు

దానికి టెన్షన్ పడకు తమ్ముడూ. పోయిన వేసవిలో మేము 48 గంటల కంటే ముందే రద్దు చేసుకున్నాం. స్లీపర్ కన్ఫర్మ్ టికెట్‌కు మనిషికి 120 పట్టుకొని మిగతాది ఇచ్చారు. టికెట్ తీసిపెట్టుకో. రూములు మాత్రం రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇస్తామని రాసినవే తీసుకో. మాకు ఒక లాడ్జి వాళ్లు 6,000 తిరిగి ఇవ్వలేదు.

గద్వాల_టీచర్

బడులు జూన్ 12న తెరుస్తారు. మే ఆఖరి వారం అయితే మీ పంట పని కూడా అయిపోవచ్చు. ఊటీకి కారులో పోయేవాళ్లు ఈ-పాస్ మరవకండి. ఏప్రిల్ 1 నుంచి జూన్ దాకా మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లనే వదలాలని మద్రాసు హైకోర్టు ఈ నెలలోనే చెప్పింది. శనివారం చేరేటట్టు పెట్టుకోవద్దు. ప్రభుత్వ బస్సుకైతే పాస్ అక్కరలేదు.

అమ్మగారి గుడికి కోయంబత్తూరులోనే పేరూరు పట్టీశ్వరాలయం ఉంది, కొండ ఎక్కే పని లేదు. కనకసభలో శిల్పాలు చూసి నేను గంటసేపు కదల్లేదు. తిరుమల దారిలోనే కదా అనుకుంటే మే నెల 300 రూపాయల టికెట్లు ఫిబ్రవరిలోనే వదిలారు, ఇప్పుడు దొరకడం కష్టం.

దేవరకొండ_పెద్దాయన

ఊటీలో మే నెలలో కూడా రాత్రి చలి. 71 ఏళ్ల మనిషికి స్వెటర్, మఫ్లర్ లేకుండా తీసుకుపోకండి. ఇంటి వంట వద్దన్నా మంచిదే, కనీసం మొదటి రోజుకు పులిహోర, సకినాలు పెట్టుకోండి.

పాలమూరు_పెద్దకోడలు

పులిహోర బావను కలపమను.

ఎడమకాలువ_రైతు
మార్చి 27

అందరికీ దండాలు. పొద్దున 8 గంటలకు అక్క ఒక ఫోన్ మీద, నేను ఒక ఫోన్ మీద కూర్చున్నాం. మే 26 సోమవారం శబరికి దొరికాయి. బాపుకు, అమ్మకు రెండూ కింది బెర్తులే, ఎస్4. మేము ఎస్5. మెట్టుపాళయం నుంచి బొమ్మరైలు పొద్దున 7.10కే పోతుంది, మేము దిగేసరికి అందదు. అందుకని కూనూరు దాకా బస్సులో పోయి, అక్కణ్నుంచి ఊటీకి రైలెక్కుదామనుకుంటున్నాం. మా ఇంటామె ఈ చర్చంతా చదివింది. పెద్దకోడలు వదినను కలవాలని ఉందట.

బర్రెల సంగతి ఇంకా తేలలేదు. రెండున్నాయి, ఒకటి పాలిస్తుంది. నిడమనూరు అన్నా, ఐదు రోజులకు పాలు పిండేవాళ్లు తెలిస్తే చెప్పు.

బత్తాయితోట_నిడమనూరు

ఏప్రిల్ నుంచే ఆ మనిషిని పిలిపించి రోజూ మీ అమ్మ పక్కన కూర్చోబెట్టు. బర్రెకు చెయ్యి అలవాటు కావడానికి నెల పడుతుంది. మా ఊరి పిల్లగాడు ఒకడున్నాడు, అడిగి రేపు చెప్తా.