మెదడువాపు అన్న మాటలో రెండు జబ్బులున్నాయి, ఏం చేద్దాం?

అందరికీ నమస్కారం. చిట్టెలుకల మీద యాంటీబాడీ మందులు (ఒంట్లో ఒక్క లక్ష్యాన్నే వెతికి పట్టుకునే ప్రొటీన్లు) పరీక్షించడం గురించి ఇంటర్ పిల్లల కోసం వ్యాసం రాస్తూ రెండ్రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయా. ఎన్‌సెఫలైటిస్ అన్నా మెదడువాపే, ఎడీమా అన్నా మెదడువాపే అయిపోతోంది. మనకి మెదడువాపు అనగానే క్యూలెక్స్ దోమ, పందులు, పిల్లలకి జ్వరం, ఫిట్స్ గుర్తొస్తాయి, అది ఎన్‌సెఫలైటిస్, వైరస్ పని. ఎడీమా అలా కాదు, దెబ్బ తగిలో గడ్డ వల్లో రక్తనాళాల్లోంచి నీరు ఊరి మెదడు ఉబ్బిపోతుంది, పుర్రె సాగదు కదా, అందుకే ప్రాణం మీదకొస్తుంది.

ల్యాబ్‌లో కొలిచేదీ వేరే. ఎడీమాకైతే ఎలుక మెదడు తీసి వెంటనే తూకం వేస్తారు, ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీల దగ్గర రోజంతా ఎండబెట్టి మళ్లీ తూస్తారు, తగ్గిందంతా నీరే. మామూలుగానే మెదడులో దాదాపు 78 శాతం నీరుంటుంది, రెండు శాతం పెరిగినా పెద్ద వాపే.

మందులూ వేరే. 2005లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు వెస్ట్ నైల్ వైరస్ (ఇదీ దోమల వల్ల వచ్చి ఎన్‌సెఫలైటిస్ తేగలదు) ఎక్కించిన ఎలుకలకి అయిదో రోజున, అప్పటికే వైరస్ మెదడుకి చేరాక, ఇ16 అనే యాంటీబాడీ ఒక్క డోసు ఇస్తే చాలావరకు బతికాయి. అది వైరస్‌ని పట్టుకునేది. బెవసిజుమాబ్ అనే ఇంకో యాంటీబాడీ పట్టుకునేది రక్తనాళాల్ని కారేలా చేసే ప్రొటీన్‌ని, రేడియేషన్ తర్వాత మెదడులో వచ్చే ఉబ్బుకి మనుషులకే ఇస్తున్నారు. రెండింటికీ "మెదడువాపు మందు" అని ఎలా రాయను?

↳ ఎన్‌సెఫలైటిస్‌ని మస్తిష్కశోథ అనొచ్చుగా సార్, ఇన్‌ఫ్లమేషన్‌కి శోథ వాడుతున్నారు.

↳ వాడుతున్నారు గానీ మేడమ్, ఆయుర్వేదంలో శోథ అన్నా శోఫ అన్నా వాపే. సంస్కృతంలోకి వెళ్లినా మళ్లీ అదే చిక్కు, పైగా పిల్లలకి నోరు తిరగదు.

↳ అన్నా, మా అమ్మమ్మ కాళ్లు వాస్తే బొటనవేలితో గట్టిగా నొక్కి చూసేది, గుంట పడి అలాగే ఉండిపోతే "నీరు పట్టింది" అనేది, పడకపోతే ఉత్త వాపు. ఎడీమాకి ఆ మాట సరిపోదా?

↳ తమ్ముడూ, భలే గుర్తుచేశావ్! వాపుకీ బలుపుకీ తేడా చెప్పే భాషలో రెండు వాపులకి రెండు మాటలుండవా అని మథనపడుతున్నా. కాకపోతే మెదడుకి నీరు పట్టడం అంటే పసిపిల్లల తలలో నీరు చేరే జబ్బు అనుకుంటారు, అది ఇంకోటి. నీటివాపు అంటే? వైరస్‌దాన్ని మెదడువాపు జ్వరం అని, దీన్ని మెదడు నీటివాపు అని రాసేస్తున్నా. నర్సింగ్ చేసేవాళ్లెవరైనా ఉంటే వార్డులో మీరేమంటారో చెప్పండి, ఆదివారం దాకా ఆగుతా.