వేడెక్కినా ఆయిల్ ప్రెషర్ తగ్గడం లేదు: డీజిల్ జీపు

మాది 2.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో డీజిల్ జీపు, ఫోర్ బై ఫోర్. పాడేరు ఘాట్‌లో, మట్టిదారుల్లో తిరుగుతుంది. మూడు వారాల క్రితం బేరింగులు, ఆయిల్ పంపు కొత్తవి వేయించాం. అప్పటినుంచే ఈ సమస్య.

ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 4.5 బార్, 2000 ఆర్‌పీఎం దగ్గర 7 బార్ చూపిస్తోంది. ఇంతకుముందు ఇవే 1.5, 4 ఉండేవి. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముల్లు చివరికి వెళ్లిపోతుంది. ఫిల్టర్ సీలు దగ్గర ఆయిల్ చెమ్మ కూడా మొదలైంది. అదే నాకు ఎక్కువ టెన్షన్.

మొదట మీటరు తప్పేమో అనుకున్నాను. సెండర్ (ప్రెషర్‌ని మీటరుకు పంపే సెన్సర్) మార్చాను, తేడా లేదు. బ్లాకుకే మెకానికల్ గేజ్ బిగించి చూస్తే అవే అంకెలు. ఆయిల్ 15డబ్ల్యూ-40, ఎప్పుడూ వాడేదే. ఆయిలూ ఫిల్టరూ మళ్లీ కొత్తవి వేశాను, ఏమీ మారలేదు. వాల్వ్ కవర్ తీసి చూస్తే రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలకు) ఆయిల్ అందుతోంది, కానీ ముందుకంటే తక్కువే అనిపించింది.

పంపులోని రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకుని తగ్గించేది) మూసుకున్నట్టే ఇరుక్కుందా, లేక గేజ్ బిగించిన చోటు దాటాక ఆయిల్ దారి ఎక్కడైనా మూసుకుపోయిందా? ఆయిల్ పాన్ దించకముందే ఈ రెండింట్లో ఏదో తేల్చుకునే పరీక్ష ఏముంది?