జ్యూరీ నుంచి నల్లజాతివాళ్లను కారణం చెప్పకుండా పంపేశారు. చట్టం దీనికి ఒప్పుకుంటుందా?

శ్రీలత:
అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి జ్యూరీ డ్యూటీకి, అంటే కోర్టు కేసులో తీర్పు చెప్పే మామూలు పౌరుల్లో ఒకరిగా కూర్చోవడానికి పిలిచారు. మా కౌంటీ కోర్టులో ఒక దోపిడీ కేసు. నిందితుడు నల్లజాతి కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయో లేదో. ఎవరిదో పెద్ద చొక్కా వేసుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. నా పక్క సీట్లో ఒక నల్లజాతి పెద్దావిడ, స్కూల్ బస్సు నడుపుతారట. జడ్జి అడిగినవాటికి తొణక్కుండా జవాబులు చెప్పారు. తర్వాత ప్రాసిక్యూటర్ లేచి, మీ ఇంట్లో ఎవరినైనా పోలీసులు ఆపారా అని అడిగాడు. "మా అబ్బాయిని చాలాసార్లు ఆపారు. అయినా ఈ కేసులో సాక్ష్యమే చూస్తాను" అన్నారావిడ.

కాసేపటికి లాయర్లిద్దరూ జడ్జి దగ్గరికెళ్లి మాట్లాడుకున్నారు. ఆ మాటలు మాకు వినపడకుండా స్పీకర్లలో హోరు పెట్టారు. అది ఆగాక ఆవిడ నంబరు పిలిచి, థాంక్యూ, మీరు వెళ్లొచ్చన్నారు. ఇంకో నల్లజాతి అతన్నీ అలాగే పంపేశారు. చివరికి కూర్చున్న పన్నెండు మందిలో నల్లజాతివాళ్లు ఒక్కరూ లేరు. నన్నూ తీసుకోలేదు, నాకు దాని గురించి బాధ లేదు. ఆ కుర్రాడి గురించే మనసు మనసులో లేదు. ఇలా చేయొచ్చా అసలు?

రవి, సియాటిల్:
శ్రీలత గారూ, కారణం చెప్పకుండా తీసేయడానికి చాలా స్టేట్లలో చట్టం ఒప్పుకుంటుంది. దాన్ని పెరెంప్టరీ స్ట్రైక్ అంటారు, రెండు పక్షాలకూ ఇన్ని అని ఉంటాయి. జాతిని చూసి తీసేయడం మాత్రం కుదరదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కెంటకీలో జరిగిన ఆ కేసులో ప్రాసిక్యూటర్ నలుగురు నల్లజాతివాళ్లనూ తీసేసి, అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీతో తీర్పు తెచ్చుకున్నాడు. ఇప్పుడు డిఫెన్స్, అంటే నిందితుడి తరఫు లాయర్, అభ్యంతరం చెబితే ప్రాసిక్యూటర్ కారణం చెప్పాలి. స్పీకర్ల హోరు వెనక జరిగింది అదే కావచ్చు.

చిక్కంతా ఆ కారణం దగ్గరే. జాతి మాట ఎత్తకుండా ఏదో ఒకటి చెబితే సరిపోతుంది, అది సాకని జడ్జి తేల్చితే తప్ప. రోజూ తన కోర్టుకే వచ్చే ప్రాసిక్యూటర్‌ను పట్టుకుని "నువ్వు రంగు చూసే తీసేశావు" అని ఏ జడ్జి అంత తేలిగ్గా అంటాడు?

జార్జియాలో టిమొతీ ఫోస్టర్‌కు 1987లో మరణశిక్ష పడింది. ప్రాసిక్యూషన్ ఫైలు బయటికి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. జ్యూరీ లిస్టులో నల్లజాతివాళ్ల పేర్ల మీద ఆకుపచ్చ హైలైటర్ పూసి, పక్కన "బి" అని రాశారు. ఆకుపచ్చ అంటే నల్లజాతి అని పేజీ మీద వివరం కూడా రాసుకున్నారు! 2016లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అన్ని కేసుల్లో అలాంటి కాగితాలు దొరకవు కదా.

మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్‌ను ఒకే ప్రాసిక్యూటర్ ఒకే కేసులో ఆరుసార్లు విచారణకు నిలబెట్టాడు. అన్నీ కలిపి, తీసేసే వీలున్న 42 మంది నల్లజాతివాళ్లలో 41 మందిని తీసేశాడు. ఆరోసారి, తాను తీసేసిన ఐదుగురు నల్లజాతివాళ్లను 145 ప్రశ్నలు అడిగితే, జ్యూరీలో కూర్చున్న పదకొండు మంది తెల్లవాళ్లను అందరినీ కలిపి అడిగినవి 12. ఆ తీర్పును 2019లో కొట్టేశారు, 2020లో కేసే ఎత్తేశారు. అప్పటికి ఫ్లవర్స్ ఇరవై ఏళ్లకు పైగా జైల్లో గడిపాడు.

కిషోర్:
డిఫెన్స్ వాళ్లూ తమకు పనికిరానివాళ్లను తీసేస్తారు కదండీ. కొడుకును అన్నిసార్లు ఆపితే ఆ తల్లికి పోలీసు సాక్ష్యం మీద గురి ఉండదని ప్రాసిక్యూటర్ అనుకోవడంలో తప్పేముంది? అన్నిటికీ జాతి అంటగట్టకండి.

శ్రీలత:
కిషోర్ గారూ, నా వెనక కూర్చున్న తెల్లాయన తమ్ముడు డిప్యూటీ షెరీఫ్, అంటే కౌంటీ పోలీసే. "అయినా న్యాయంగా చూడగలరా?" అని అడిగారు, చూడగలనన్నాడు, నమ్మారు. ఆయన జ్యూరీలో కూర్చున్నాడు. ఆవిడ అదే మాట అడక్కుండానే చెప్పారు, మరి ఆవిడను ఎందుకు నమ్మలేదు? అబ్బాయిని అన్నిసార్లు ఆపింది పోలీసులు. అందుకు తల్లిని జ్యూరీకి పనికిరాదంటే ఎలా?

రవి, సియాటిల్:
మా వాషింగ్టన్ స్టేట్‌లో ఇలాంటివాటి కోసమే 2018లో జనరల్ రూల్ 37 అనే కోర్టు నియమం తెచ్చారు. ప్రాసిక్యూటర్ మనసులో ఏముందో నిరూపించక్కర్లేదు. విషయం తెలిసి, పక్షపాతం లేకుండా చూసే మనిషికి జాతి కూడా ఒక కారణమై ఉండొచ్చని అనిపించే వీలుంటే ఆ స్ట్రైక్ చెల్లదు. పోలీసులంటే నమ్మకం లేకపోవడం, దగ్గరివాళ్లను పోలీసులు ఆపి ఉండడం, నేరాలు ఎక్కువున్న పేటలో ఉండడం లాంటివి మామూలుగా చెల్లని కారణాలని అందులోనే రాసిపెట్టారు. ఇంగ్లీషు మాతృభాష కాకపోవడం కూడా ఆ లిస్టులో ఉంది, కాబట్టి ఇది మనకూ తగిలే విషయమే. కాలిఫోర్నియా 2020లో ఇలాంటి చట్టమే చేసింది. అరిజోనా అయితే 2022 నుంచి పెరెంప్టరీ స్ట్రైక్‌లనే ఎత్తేసింది.

మా రూల్ మార్చమని మొదట అడిగింది ఒక పౌరహక్కుల సంస్థ. మీరూ మీ స్టేట్ సుప్రీంకోర్టుకూ, మీ లెజిస్లేటర్‌కూ ఉత్తరం రాయొచ్చు. ఎవరి పేరూ పెట్టకుండా, ఆ బస్సు డ్రైవర్‌నీ, ఆ డిప్యూటీ షెరీఫ్ వాళ్ల అన్ననీ అడిగిన ప్రశ్నలు పక్కపక్కన రాయండి.

శ్రీలత:
రాస్తాను. ఈ వారాంతంలో రాసి ఇక్కడ పెడతాను, పంపేముందు మీరొకసారి చూసిపెట్టండి. కిషోర్ గారూ, మీరు కూడా.