పండగ రద్దీకి టోల్ రేటు మారిస్తే పనవుతుందా?

ఒంగోలు మాస్టారు:
సంక్రాంతికి చెన్నై నుంచి వస్తుంటే నెల్లూరు ఇవతల ఒక టోల్ గేటు దాటేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది 2021లో. అయినా పండగ ముందు అదే వరస. రద్దీ వేళ టోల్ పెంచి, అర్ధరాత్రి సగం చేస్తే?

కావలి లారీ:
మాస్టారూ, టైము మా చేతిలో ఉంటే కదా! కృష్ణపట్నం పోర్టులో లోడు ఎప్పుడైతే అప్పుడే బండి కదిలేది. ఇక రొయ్యల లోడైతే, ఐసు కరిగేలోపు చేరాల. పెంచిన టోల్ కిరాయిలో కలుపుతాం. జామ్ మాత్రం జామే.

నెల్లూరోడు:
స్వీడన్ రాజధాని స్టాక్‌హోం సంగతి చూడండి. 2006 జనవరి నుంచి జూలై దాకా రద్దీ టోల్ ప్రయోగంగా పెట్టారు. నగరంలోకి పోయినా, బయటికొచ్చినా రద్దీ వేళ 20 క్రోనర్లు (అక్కడి డబ్బు), తక్కువ రద్దీలో 10. రాత్రిళ్లు, శనాదివారాలు ఫ్రీ. బళ్లు ఐదో వంతు దాకా తగ్గాయి. ఆపేయగానే చాలావరకు తిరిగొచ్చాయి. 2007 ఆగస్టులో మళ్లీ పెడితే మళ్లీ తగ్గాయి, ఏళ్లు గడిచినా ఆ తగ్గుదల నిలిచింది. ‘నాలుగు రోజులు పోతే జనం అలవాటు పడతారులే’ అన్నది అక్కడ తప్పని తేలింది.

లండన్ కథ వేరు. 2003లో రోజుకు 5 పౌండ్లు, గంటను బట్టి మారేది కాదు. మొదట జామ్ తగ్గింది, నాలుగైదేళ్లకు మళ్లీ మొదటికొచ్చింది. బళ్లు పెరిగి కాదు. రోడ్లు తవ్వారు, బస్సులకూ నడిచేవాళ్లకూ చోటిచ్చారు. బళ్ల లెక్క వేరు, జామ్ లెక్క వేరు.

ఒంగోలు మాస్టారు:
సింగపూర్‌లో 1998 నుంచి ఎలక్ట్రానిక్ గేట్లే. మూడు నెలలకోసారి రోడ్డు మీద బళ్ల వేగం చూసి రేటు సవరించే పద్ధతి పెట్టారు. వేగం బాగుంటే తగ్గిస్తారు కూడా!

కావలి లారీ:
తగ్గించడమా? మనకు ఏటా ఏప్రిల్ 1న పెరగడమే తెలుసు. అయినా అక్కడ మెట్రో ఉందబ్బా. పండక్కి చెన్నైలో రైలు సీటు దొరికితే కారు తీసేదెవరు?

నెల్లూరోడు:
అసలు చిక్కు అదే. స్టాక్‌హోంలో ప్రయోగానికి ముందే బస్సులు పెంచారు. మనం ఒక్క రేటే పెంచితే వసూలు తప్ప ఏం మిగలదు.

ఒంగోలు మాస్టారు:
సగం టోల్ అంటే నేనైతే రాత్రి రెండింటికి బయల్దేరతా. మా ఆవిడ ఒప్పుకోదు, అది వేరే సంగతి.

కావలి లారీ:
ఆ టైము మాది సార్. మీరంతా అప్పుడొస్తే మేమెప్పుడు పోవాల?