గీత దాటడమా, గీత తొక్కడమా?

ప్రశ్న: స్కూలు పిల్లల కోసం బాస్కెట్‌బాల్ నియమాలు ఒక పేజీలో తెలుగులో రాస్తున్నాను. ఫ్రీ త్రో (ఫౌల్ అయితే గీత వెనక నిలబడి, ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే బంతి) దగ్గర "గీత దాటరాదు" అనాలా, "గీత తొక్కరాదు" అనాలా? బుట్ట కింద గీతల మధ్య ఉండే రిస్ట్రిక్టెడ్ ఏరియాని "నిషిద్ధ ప్రాంతం" అంటే సరిపోతుందా?

జవాబు: "తొక్కరాదు" అనే రాయండి. దాటరాదంటే గీత మీద బూటు పెట్టినా పర్లేదనుకుంటారు పిల్లలు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమం ప్రకారం బంతి బుట్టలో పడేదాకా లేదా రింగుకు తగిలేదాకా షూటర్ కాలు గీతకు తగలకూడదు. బూటు కొస తగిలినా తప్పే, బంతి చక్కగా బుట్టలో పడ్డా ఆ పాయింటు పోయినట్టే. తొక్కుడుబిళ్ల ఆడినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

నిజానికి ఈ ఆటలో గీతలన్నిటికీ ఈ క్రియే నప్పుతుంది. పక్కగీత తొక్కితే బయటికి వెళ్లినట్టు. మూడు పాయింట్ల గీత తొక్కి వేస్తే వచ్చేది రెండే. రిస్ట్రిక్టెడ్ ఏరియా గీత తొక్కితే లోపల ఉన్నట్టే లెక్క. "దాటడం" కబడ్డీకి వదిలేయండి. అక్కడ బోనస్ గీతకి అవతల ఒక పాదం ఆనించి, రెండోది గాల్లో ఉంచితేనే పాయింటు. అది అసలైన దాటడం.

ఇక "నిషిద్ధ ప్రాంతం" వద్దు. ఎవరైనా వెళ్లొచ్చు అక్కడికి. బంతి తమ జట్టు చేతిలో ఉండగా ప్రత్యర్థి బుట్ట కింద ఆ చోట వరసగా మూడు సెకన్లు మించి ఉండకూడదు, అంతే. "నిషిద్ధం" అని చదివిన పిల్లాడు బుట్ట దగ్గరికే పోడు! "మూడు సెకన్ల చోటు" అంటే నియమం కూడా పేరులోనే వచ్చేస్తుంది. నా ఓటు దానికే.

మరొకరు: ఆడేవాళ్లు దాన్ని "కీ" అనే అంటారు కదండీ, ఆ మాట ఎక్కడిది?

జవాబు: ఆకారాన్ని బట్టి వచ్చింది. అమెరికాలో మొదట ఆ చోటు 6 అడుగుల వెడల్పే. దాని పైన 12 అడుగుల వ్యాసంతో వృత్తం. అచ్చం తాళంకప్ప కన్నంలా ఉండేది. జార్జ్ మైకన్ లాంటి పొడుగరి ఆటగాడు బుట్ట కింద పాతుకుపోతున్నాడని 1951లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ దాన్ని 12 అడుగులు చేసింది, 1964లో 16. ఆకారం పోయినా పేరు నిలిచింది. ఫిబా కోర్టుల్లో 2010 దాకా అది సమలంబ చతుర్భుజం, ఇప్పుడు 4.9 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రం.

ప్రశ్న అడిగినవారు: మరి ఫ్రీ త్రో వేసేటప్పుడు ఆ చోటుకి రెండు పక్కలా నిలబడేవాళ్లకీ "బంతి రింగుకు తగిలేదాకా" అనే రాయనా?

జవాబు: వద్దండీ, వాళ్ల గడువు వేరు. బంతి షూటర్ చెయ్యి వదిలాక వాళ్లు కదలొచ్చు. రెండూ ఒకే వాక్యంలో ఇరికించకండి. ఇలా విడదీయండి: "షూటర్ 5 సెకన్లలోపు బంతి వేయాలి. అది బుట్టలో పడేదాకా లేదా రింగుకు తగిలేదాకా గీత తొక్కరాదు. పక్కల నిలబడ్డవాళ్లు బంతి షూటర్ చెయ్యి వదిలేదాకా తమ చోటు వదలరాదు."