తేదీ డీఫాల్ట్ ఏది ఉండాలి: అందరికీ 2025-03-04 ఒక్కటేనా, ఎవరి ప్రాంతం పద్ధతి వాళ్లకా?

పద్దు_పుస్తకం

స్టాకు రిజిస్టరు సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్. హైదరాబాద్, డాలస్, మ్యూనిక్, టొరంటో గోదాముల్లో నడుస్తోంది. ఇన్‌స్టాల్ చేయగానే భాష అమెరికన్ ఇంగ్లీషు, దాంతోపాటే తేదీలో నెల ముందు. గడువు తేదీ 04/03/2025 అని ఉంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అని ఫోన్ చేసి అడగాల్సి వస్తోంది. వచ్చే వెర్షన్‌లో డీఫాల్ట్ మారుస్తాం. ప్రతిపాదనలు రెండు. స్క్రీను, ప్రింటు, ఎక్స్‌పోర్టు అన్నిచోట్లా ఐఎస్‌ఓ 8601 (అంతర్జాతీయ ప్రమాణం) పద్ధతి, అంటే ఏడాది-నెల-రోజు వరసలో 2025-03-04. లేదా యూజరు ప్రాంతాన్ని బట్టి. ఏది మంచిదో కాదు, ఏది పెడితే ఎక్కడ ఏం చెడుతుందో చెప్పండి.

సున్నా_ఒకటి

ఐఎస్‌ఓ. లెక్క వేసి చూడండి. రోజు, నెల రెండూ 12 లోపు ఉండే తేదీలు ఏడాదికి 144. అందులో 1/1, 2/2 లాంటి 12 ఎటు చదివినా ఒకటే. మిగిలిన 132 తేదీలు తిరగేసి చదివినా సరైన తేదీల్లాగే కనిపిస్తాయి, కానీ వేరే రోజులు. ఏడాదిలో మూడో వంతుకి పైనే. 25/03ని తిరగేసి చదివితే 25వ నెల లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఎర్రర్ పడుతుంది. ఈ 132 మాత్రం కిక్కురుమనవు. మార్చి 4న గడువు తీరే మందు ఏప్రిల్ 3 దాకా అరలోనే ఉంటుంది.

ఏడాది నాలుగంకెలతో ముందుంటే ఆ అనుమానమే రాదు. చైనా, జపాన్, కొరియా, హంగరీల్లో ఏడాది ముందు రాయడం వాడుకే. స్వీడన్‌లో హైఫన్లతో సహా ఇదే రూపం. ఉత్త టెక్స్టుగా సార్ట్ చేసినా తేదీల వరుస చెడదు. ఐఎస్‌ఓ 8601 వచ్చింది 1988లో, మన భారతీయ ప్రమాణాల్లో అది ఐఎస్ 7900గా ఉంది. కొత్తగా ఎవరికీ ఏమీ నేర్పనక్కర్లేదు.

వేపచెట్టు

నేర్పాలండీ. నేర్పాల్సింది గోదాము మనిషికే. మనం నోటితో ‘మార్చి నాలుగు’ అంటాం, చేత్తో 4-3-2025 అని రాస్తాం. చెక్కు మీద గళ్లలో రోజు ముందు, పాస్‌పోర్టులో రోజు ముందు. సరుకు దించుకునే మనిషి రోజంతా ఆ వరసలే చూస్తాడు, అతనికి ముందు కావాల్సింది రోజూ నెలా. అన్ని లైన్లలోనూ ఒకటే అయిన ఏడాదిని ముందు పెట్టి, రోజుని చివరికి తోస్తే కన్ను ప్రతిసారీ అంత దూరం వెళ్లాలి.

అసలు జబ్బు వేరే. భాషకీ ప్రాంతానికీ ముడి వేశారు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు ఎంచుకున్నవాళ్లు అమెరికా తేదీ అడగలేదు. ఇంగ్లీషు (ఇండియా) అని లోకేల్ (భాష, ప్రాంతం కలిపిన సెట్టింగ్) ఉంది, అందులో రోజే ముందు. విండోస్‌లో, మ్యాక్‌లో భాష వేరు, ప్రాంతీయ ఫార్మాట్ వేరు. మీదీ అలాగే విడగొట్టండి. బ్రౌజరులో నడిచేదైతే ఒక చిక్కుంది: అది మీ పేజీకి భాషల జాబితా ఇస్తుంది కానీ విండోస్‌లో పెట్టుకున్న ఫార్మాట్ ఇవ్వదు. అందుకని మొదటి లాగిన్‌లోనే అడగాలి. అడిగేటప్పుడు నమూనాగా ఈరోజు తేదీ చూపించకండి. ఏ నెలైనా 7వ తేదీన చూసినవాళ్లకి ఏది రోజో ఏది నెలో తెలియదు. 31 డిసెంబరు పెట్టండి, చూడగానే తెలిసిపోతుంది.

అచ్చుయంత్రం

మీ ఇద్దరికీ మధ్యలో దారి ఉంది. నెలని అక్షరాల్లో రాయండి: 4 మార్చి 2025. ఎవరు ఎటు చదివినా ఒకటే రోజు. అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160 నింపినవాళ్లు చూసే ఉంటారు, పుట్టిన తేదీలో నెల పేరు జాబితాలోంచి ఎంచుకోవాలి. అన్ని దేశాలవాళ్లూ నింపే ఫారం కాబట్టి అలా పెట్టారు.

ఒక్క జాగ్రత్త. ఇంగ్లీషు నెలలు మూడక్షరాల్లో ఇమిడిపోతాయని కాలమ్ వెడల్పు దానికే కొలిచి, మిగతాది కోసేసే కోడు చాలాచోట్ల ఉంటుంది. తెలుగులో ‘సెప్టెం’ అనేది యూనికోడ్ (కంప్యూటరు అక్షరాల పట్టిక) లెక్కన, గుణింతం గుర్తులు విడివిడిగా లెక్కేస్తే, ఏడు గుర్తులు. మూడు దగ్గర కోస్తే ‘సెప’ మిగులుతుంది. ‘మే’ చూస్తే రెండే. నెల పేరుని మీరు కోయకూడదు. లోకేల్ డేటాలో పొట్టి రూపాలు (జన, ఫిబ్ర, ఏప్రి, ఆగ, అక్టో) సిద్ధంగా ఉన్నాయి, వాటినే తీసుకుని కాలమ్‌ని సాగనివ్వండి.

సున్నా_ఒకటి

స్క్రీను మీద సరే. డేటాబేసులోకో ఫైల్లోకో నెల పేరు వెళ్లిందంటే పని పాడైనట్టే. సార్ట్ చేస్తే అక్షర క్రమం, ఇంపోర్టు చేస్తే ఏ భాషో తెలియాలి. అక్కడ ఐఎస్‌ఓ తప్ప మరో మాట లేదు, ఎటూ తప్పు పోదు.

లోకేల్_పని

‘ఎటూ తప్పు పోదు’ అనకండి. మూడు చోట్ల పోతుంది.

ఒకటి, ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేసు). సెషన్ భాష బ్రిటిష్ ఇంగ్లీషు అయితే, పాత డేట్‌టైమ్ టైపులోకి ‘2025-03-04’ పంపినప్పుడు అది ఏడాది-రోజు-నెలగా చదువుతుంది. ఏప్రిల్ 3 అయిపోతుంది. డేట్, డేట్‌టైమ్2 టైపులకి ఈ తంటా లేదు. పాత టైపే ఉంచాల్సివస్తే హైఫన్లు తీసేసి 20250304 అని పంపండి, భాష ఏదైనా సరిగ్గానే తీసుకుంటుంది.

రెండు, జావాస్క్రిప్ట్. ‘2025-03-04’ అని తేదీ ఒక్కటే ఇచ్చి డేట్ ఆబ్జెక్టు చేస్తే దాన్ని యూటీసీ (ప్రపంచమంతటికీ ఆధారమైన ఒకే సమయం) అర్ధరాత్రిగా పట్టుకుంటుంది. వెనక సమయం కూడా తగిలిస్తే, అంటే టీ అక్షరం పెట్టి 00:00 అంటే, లోకల్ టైమ్ అనుకుంటుంది. హైదరాబాద్‌లో మొదటిది 4వ తేదీ ఉదయం 5:30గా కనబడుతుంది, తేదీ సరిగ్గానే ఉంది కదా అని టెస్టింగ్ దాటిపోతుంది. డాలస్‌లో అదే కోడు మార్చి 3 సాయంత్రం 6:00 చూపిస్తుంది. ఇక్కడ రాసిన కోడులో ఈ బగ్ ఇక్కడ కనిపించదు, మనం యూటీసీకి ముందున్నాం కాబట్టి. గడువు తేదీ, పుట్టిన తేదీ లాంటివి సమయం లేని తేదీలు. వాటిని తేదీ టైపుగానే ఉంచాలి, టైమ్‌స్టాంపుగా (తేదీ, సమయం కలిసిన విలువగా) మార్చకూడదు. మీ బిల్డ్ సర్వరులో టెస్టులు రెండోసారి డాలస్ టైమ్ జోన్ పెట్టి నడపండి, చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

మూడు, ఫార్మాట్ అక్షరాలు. జావాలో ఏడాదికి చిన్న వై నాలుగు రాయాలి. క్యాపిటల్ వై రాస్తే అది వారాల లెక్క ఏడాది. 2024 డిసెంబరు 30 సోమవారం, ఐఎస్‌ఓ లెక్కలో అది 2025 మొదటి వారం. కాబట్టి 2025-12-30 అని అచ్చవుతుంది. ఏడాదంతా బాగానే ఉండి చివరి రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది.

వేపచెట్టు గారికి కూడా ఒక మాట. లోకేల్ ఫార్మాట్ మనుషులు చదవడానికే, ప్రోగ్రాము తిరిగి చదవడానికి కాదు. అది వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంది. లోకేల్ డేటా వచ్చే సీఎల్‌డీఆర్ 42వ వెర్షన్‌లో అమెరికన్ ఇంగ్లీషు సమయానికీ ఏఎం, పీఎం‌కీ మధ్య మామూలు ఖాళీ తీసేసి, సన్నటి విడదీయరాని ఖాళీ పెట్టారు. కంటికి తేడా లేదు. జావా 20లో, నోడ్ (సర్వరు మీద జావాస్క్రిప్ట్ నడిపేది) 20లో అది వచ్చేసరికి ‘10:30 ఏఎం’ అన్న టెక్స్టుని మామూలు ఖాళీ ఉంటుందనుకుని చదివే ప్రోగ్రాములు ఆగిపోయాయి.

రాత్రి_షిఫ్ట్

తేదీ గురించే మాట్లాడుతున్నారు, సమయం సంగతి? డీఫాల్ట్ 24 గంటలు ఉండాలని నా పట్టు. 12:00 ఏఎం అంటే అర్ధరాత్రా మిట్టమధ్యాహ్నమా అన్న తడబాటు ఇంగ్లీషువాళ్లకే ఉంది. రైలు టైంటేబుల్‌లో 00:30 అని చూసే అలవాటు మనకి ఎప్పటినుంచో ఉంది. అయితే 13వ తేదీ 00:30 బండిని జనం ‘12వ తేదీ రాత్రి బండి’ అనుకుంటారు. అందుకే అర్ధరాత్రి దాటిన షిఫ్టు ఎంట్రీల్లో సమయం పక్కన వారం పేరు కూడా చూపించండి. తెలుగు స్క్రీనులో 12 గంటల పద్ధతే కావాలంటే మాట ముందు రావాలి: ‘సాయంత్రం 5:30’. ‘5:30 సాయంత్రం’ అని ఎవరూ అనరు.

ఐఎస్‌టీ అన్న మూడక్షరాలు ఎక్కడా అచ్చు వేయొద్దు. ఇండియాకీ, ఐర్లండ్‌కీ, ఇజ్రాయెల్‌కీ అదే పొట్టి పేరు. +05:30 అని అంకెల్లో చూపండి, లోపల ‘ఏషియా/కోల్‌కతా’ అని జోన్ పేరు దాచండి. పాత పేరు ‘ఏషియా/కలకత్తా’ అని పంపే బ్రౌజర్లు ఇంకా ఉన్నాయి, రెండూ ఒకటేనని మీ కోడుకి తెలియాలి.

జరిగిపోయినవన్నీ యూటీసీలో దాచడం సరే. జరగబోయేవి అలా దాస్తే చెడుతుంది. డాలస్‌లో ప్రతి మంగళవారం ఉదయం 9:00కి స్టాకు లెక్క ఉందనుకోండి. చలికాలం అది మనకి రాత్రి 8:30. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకి జరిపాక 7:30. ఏడాదికి సరిపడా యూటీసీలో ముందే రాసిపెడితే మార్చి నుంచి డాలస్‌వాళ్లకి ఆ లెక్క 10:00కి పడుతుంది. పైగా దేశాలు రూల్సే మార్చేస్తాయి: మెక్సికో చాలాభాగంలో ఆ గడియారం జరపడాన్ని 2022లో ఎత్తేసింది, ఈజిప్టు 2023లో మళ్లీ తెచ్చింది. అందుకని లోకల్ సమయం, జోన్ పేరు రెండూ దాచి, యూటీసీ అప్పటికప్పుడు లెక్క కట్టుకోవాలి.

పద్దు_పుస్తకం

స్క్రీను మీద ప్రాంతాన్ని బట్టి, లోపల ఐఎస్‌ఓ అన్నదాకా నాకు సమ్మతమే. మా దగ్గర గొడవంతా సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్టు) దగ్గర. ఐఎస్‌ఓలోనే ఎక్స్‌పోర్టు చేసి చూశాం, బ్రాంచిల నుంచి తిరిగొచ్చేసరికి మళ్లీ కలగాపులగం.

అచ్చుయంత్రం

ఎక్సెల్ చేసే పని అది. ఆ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవగానే 2025-03-04 అన్న టెక్స్టుని తేదీగా మార్చేసుకుంటుంది, ఆ కంప్యూటరు ప్రాంతీయ ఫార్మాట్‌లో చూపిస్తుంది, సేవ్ చేస్తే చూపించిందే రాస్తుంది. హైదరాబాద్ నుంచి 04-03-2025 అని వస్తుంది, డాలస్ నుంచి 3/4/2025 అని. రెండూ మీరు పంపిన ఒకే తేదీ. ఎవరూ ఏమీ మార్చలేదు, క్వాంటిటీ ఒకటి దిద్ది సేవ్ కొట్టారంతే.

రోజు ముందున్న ఫైలుని డాలస్‌లో తెరిస్తే ఇంకో రకం. 12 లోపువి తిరగబడి తేదీలవుతాయి, సెల్లులో కుడివైపుకి జరుగుతాయి. 25/03/2025 లాంటివి టెక్స్టుగా ఎడమవైపే ఉండిపోతాయి. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికీ కొన్ని ఎడమకీ ఉంటే ఆ ఫైలుని ఇక నమ్మకండి.

కాబట్టి మనుషులకి ఇచ్చేది ఎక్సెల్ సొంత రకం, అంటే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు చేయండి. అందులో తేదీ ఒక సంఖ్య: 2025 మార్చి 4 అంటే 45720. సెల్లుకి 14వ నంబరు ఫార్మాట్ ఇస్తే ఎవరి కంప్యూటరులో వాళ్ల ప్రాంతం రూపం కనబడుతుంది, విలువ మారదు. సీఎస్‌వీ మాత్రం ప్రోగ్రాముకీ ప్రోగ్రాముకీ మధ్యకి వదిలేయండి.

లోకేల్_పని

ఇంపోర్టు వైపు కూడా కాపు కాయాలి. ఒక్కో తేదీని విడిగా ఊహించొద్దు, కాలమ్ మొత్తం చదవండి. ఏడాది చివర ఉన్న తేదీల్లో మొదటి సంఖ్య ఎక్కడైనా 12 దాటితే ఆ ఫైల్లో రోజు ముందు, రెండోది దాటితే నెల ముందు. రెండు రకాలూ కనిపిస్తే లైను నంబర్లు చూపించి ఫైలు మొత్తాన్ని తిప్పి పంపండి. సగం ఎక్కించి సగం ఆపడం అన్నిటికంటే ప్రమాదం. ఏ లైనూ తేల్చకపోతే యూజర్నే అడగండి, అడిగేటప్పుడు వాళ్ల ఫైల్లోని మొదటి తేదీనే రెండు రకాలుగా నెల పేరుతో రాసి చూపండి.

వేపచెట్టు

స్క్రీను మీద తేదీ ఎంట్రీ బాక్సు గురించి కూడా. బ్రౌజరు సొంత తేదీ బాక్సు లోపల ఎప్పుడూ ఐఎస్‌ఓనే ఇస్తుంది, కానీ క్రోమ్‌లో అది కనబడే తీరు బ్రౌజరు భాషని బట్టి, మీ పేజీ భాషని బట్టి కాదు. పైన లేబుల్ మీద ‘రోజు/నెల/ఏడాది’ అని మీరు రాస్తారు, కింద బాక్సు నెల ముందు అడుగుతుంది. లేబుల్ మీద ఆ వరస రాయకండి. గడువు తేదీ పెట్టె మీద అచ్చయింది చూసి కొట్టేదే కాబట్టి రోజుకి ఒక బాక్సు, నెలకి పేర్ల జాబితా, ఏడాదికి ఒక బాక్సు విడివిడిగా పెట్టండి.

సున్నా_ఒకటి

స్క్రీను వదులుకుంటాను. ప్రింటు వదులుకోను. హైదరాబాద్‌లో అచ్చయిన లేబుల్ పెట్టెతో పాటు డాలస్ వెళ్తుంది, అక్కడ దాన్ని చదివే మనిషి సెట్టింగ్ ఏదీ దాన్ని మార్చలేదు. కాగితం మీద 2025-03-04 అయినా ఉండాలి, 4 మార్చి 2025 అని నెల పేరైనా ఉండాలి.

అచ్చుయంత్రం

లేబుల్ మీద నెల పేరు వద్దు. తెలుగు సెట్టింగ్‌లో ‘4 మార్చి’ అని అచ్చయితే డాలస్ గోదాములో ఎవరు చదువుతారు? ఊరు దాటే కాగితానికి మీ 2025-03-04 ఒక్కటే, ఎవరి సెట్టింగ్ ఏదైనా.